పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్: హాల్లో పెట్టుకోవడానికి ఏది మేలు?

పీఎస్5 అంటే సోనీ వారి ప్లేస్టేషన్ 5, సిరీస్ ఎక్స్ మైక్రోసాఫ్ట్ వారిది. టీవీకి తగిలించి వీడియో గేములు ఆడుకునే ఈ రెండు కన్సోళ్లూ 2020 నవంబరులో రెండు రోజుల తేడాతో అమెరికా మార్కెట్లోకి వచ్చాయి. అప్పటినుంచి ఇప్పటిదాకా నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఆటల గురించి కాదు, గ్రాఫిక్స్ గురించీ కాదు. "ఇంట్లో పెడితే ఏది చూడ్డానికి బాగుంటుంది?" అనే అడుగుతున్నారు. దీన్ని చిన్న ప్రశ్న అని కొట్టిపారేయలేం. ఆట ఆడేది రోజుకు గంటో రెండు గంటలో అయితే, తక్కిన సమయమంతా ఆ వస్తువు ఇంటిల్లిపాది కళ్లముందే ఉంటుంది. మా బావమరిది ఊరికి వెళ్తూ తన పీఎస్5ను రెండు వారాలు మా ఇంట్లో ఉంచాడు. ఆ తర్వాత నెలకే నేను సిరీస్ ఎక్స్ కొన్నాను. ఒకే టీవీ బల్ల మీద రెండింటినీ చూశాను కాబట్టి ఈ పోలికకు పూనుకుంటున్నాను.

ముందుగా పీఎస్5 సంగతి. సోనీ డిజైనర్ యూజిన్ మోరిసావా బృందం తీర్చిన ఈ రూపంలో ధైర్యం ఉందని ఒప్పుకోవాలి. అంతకుముందు టీవీ కింద పెట్టే వస్తువు అంటే నల్లటి పెట్టె అనే అలవాటు పాతుకుపోయి ఉండగా, వాళ్లు గంజి పెట్టి ఇస్త్రీ చేసిన కాలరులా పైకి విచ్చుకున్న రెండు తెల్లని రెక్కలను, వాటి నడుమ మెరిసే నల్లని దేహాన్ని నిలబెట్టారు. ఆ రెక్కలు కేవలం అలంకారం కోసం పెట్టినవి కావు. వాటికీ దేహానికీ మధ్య ముందువైపు ఉన్న సందుల గుండానే లోపలి 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ గాలిని రెండు పక్కలనుంచీ లాక్కుని వెనకనుంచి వదులుతుంది. ఇక ఆట ఆడటానికి చేత్తో పట్టుకునే కంట్రోలరును తీసుకుని అడుగువైపు తిప్పి వెలుతురులో దగ్గరగా చూస్తే, గరుకుగా తగిలేది మామూలు చుక్కలు కావని, ఇసుక రేణువులంత చిన్న త్రిభుజాలు, వృత్తాలు, ఇంటూ గుర్తులు, చతురస్రాలు అని తెలుస్తుంది. వేలికి పట్టు ఇచ్చే పనినీ ప్లేస్టేషన్ మీటల మీద పాతికేళ్లుగా ఉన్న గుర్తులనూ ఒక్కచోటే కలిపిన ఆ పనితనానికి సాటి రాగలది సిరీస్ ఎక్స్‌లో ఏదీ లేదు.

సిరీస్ ఎక్స్ మాటకొస్తే, అది కింద ఒక్కో పక్క 151 మిల్లీమీటర్లున్న చతురస్రం మీద 301 మిల్లీమీటర్ల ఎత్తున లేచిన నల్లని స్తంభం, అంతే. 2019 డిసెంబరులో దాన్ని తొలిసారి చూపించినప్పుడు జనం ఫ్రిజ్ అని ఆట పట్టించారు. చివరికి కంపెనీయే ఆ ఆకారంలో చిన్న ఫ్రిజ్ తయారు చేసి అమ్మింది. అయితే ఆ స్తంభాకారానికి బలమైన కారణం ఉంది. లోపలి ప్రధాన సర్క్యూట్ పలకను (మదర్‌బోర్డును) రెండు ముక్కలుగా విడదీసి నిలువుగా అమర్చి, నెత్తిన 130 మిల్లీమీటర్ల ఫ్యాన్ పెట్టారు. వేడి సహజంగా పైకే పోతుంది కాబట్టి కింద చల్లగాలి తీసుకుని పైన వదిలే పొగగొట్టంలా అది పనిచేస్తుంది. పైభాగం లోపలికి కొద్దిగా గుంటగా వంగి ఉంటుంది, ఆ రంధ్రాల లోపల ఆకుపచ్చ రంగు వేశారు. ఎదురుగా కూర్చున్నవారికి అది కనబడదు. లేచి పక్కకు నడుస్తుంటే మాత్రం లోపల పచ్చటి దీపం వెలిగినట్టు ఒక క్షణం మెరిసి మాయమవుతుంది, నిజానికి అక్కడ దీపమేదీ లేదు. ఈ కన్సోల్ తనవైపు చూడమని కోరేది ఆ ఒక్కచోటే, అదీ చాలా మర్యాదగా.

ఇక నా దృష్టిలో నిర్ణయాన్ని తేల్చేది ఏమిటో చెబుతాను. రంగూ మెరుపూ కంటే ముందు, ఈ వస్తువు మన ఇంట్లో నిలబడుతుందా, పడుకుంటుందా అన్నది చూడాలి. ప్రకటనల్లో రెండూ నిలబడే కనిపిస్తాయి. మన ఇళ్లలో టీవీ గోడకు ఉంటుంది, దాని కింద వడ్రంగి చేసిన యూనిట్ ఉంటుంది, ఆ యూనిట్ అరలు సెట్‌టాప్ బాక్సు కోసం, పాత డీవీడీ ప్లేయరు కోసం కొలిచి చేసినవై ఉంటాయి. మా ఇంటి అర ఎత్తు టేపు పెట్టి చూస్తే ఏడు అంగుళాలు. డిస్కులు పెట్టుకునే వీలున్న పీఎస్5 మోడల్ ఎత్తు స్టాండ్ లేకుండానే 390 మిల్లీమీటర్లు, అంటే పదిహేను అంగుళాల పైమాట. అది ఏ మామూలు అరలోనూ నిలబడదు. సిరీస్ ఎక్స్ కూడా దాదాపు పన్నెండు అంగుళాలు కాబట్టి అదీ అరలో నిలబడదు. అంటే చాలా ఇళ్లలో అరలో పెట్టదలిస్తే రెండింటినీ పడుకోబెట్టాల్సిందే. కాబట్టి పడుకున్నప్పుడు ఏది ఎలా కనిపిస్తుందన్నదే అసలు పోలిక.

పీఎస్5 పడుకుంటే ఎత్తు నాలుగు అంగుళాల చిల్లర మాత్రమే కాబట్టి అరలో హాయిగా దూరుతుంది. ఇది దానికి పెద్ద సౌకర్యం. కానీ వంపు తిరిగిన రెక్క మీద అది సమంగా ఆనదు, పెట్టెతో వచ్చిన గుండ్రటి స్టాండును తప్పక వాడాలి. నిలబెట్టేటప్పుడు స్క్రూతో బిగించే ఆ స్టాండును, పడుకోబెట్టేటప్పుడు తిప్పి, స్క్రూను దాని పొట్టలోనే దాచి, కన్సోల్ వెనక అంచున గుర్తులున్నచోట కొక్కెంలా తగిలించాలి. తగిలించాక కూడా ఒక రెక్క పైకి లేచి, రెండోది కిందికి వంగి, తెడ్డు వేయని పడవ ఒడ్డున ఒరిగినట్టు కనిపిస్తుంది. నిలబడి ఉన్నప్పుడు దానికి ఉన్న ఠీవి పడుకోగానే పోతుంది.

సిరీస్ ఎక్స్ పడుకోవడంలో లోపాలు లేకపోలేదు. అడుగున ఉండే గుండ్రటి పీఠం ఊడదు, పక్కకు తిరిగాక అది చక్రంలా ఒక వైపు మిగిలిపోతుంది. ముందున్న ఎక్స్‌బాక్స్ గుర్తు కూడా పక్కకు ఒరిగే ఉంటుంది. సోనీదే 2000 నాటి పాత కన్సోల్ పీఎస్2లో డిస్కు పెట్టే ట్రే మీది చిన్న గుర్తును వేలితో తిప్పి, నిలువుగా పెట్టినా అడ్డంగా పెట్టినా సరిగా కనిపించేలా చేసుకునే వీలు ఉండేది. అంత చిన్న శ్రద్ధ ఈ తరంలో ఎవరూ చూపకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. పైగా గాలి ఒక పక్కనుంచి వెళ్లి మరో పక్కనుంచి రావాలి కాబట్టి అరలో రెండు వైపులా ఖాళీ వదలాలి. అయినా అది నాలుగు రబ్బరు కాళ్ల మీద ఒక ఇటుకలా కదలకుండా కూర్చుంటుంది. దానికి స్టాండు అక్కర్లేదు, స్క్రూ అక్కర్లేదు. అన్నిటికీ మించి అరలో కాక టీవీ పక్కన బల్ల మీద నిలబెట్టినా, అది ఆక్రమించే చోటు ఒక చిన్న పూలకుండీకి పట్టేంతే. బయటి కొలతలను గుణించి చూస్తే పీఎస్5కు దీనికంటే సుమారు ఒకటిన్నర రెట్లు చోటు కావాలి.

దుమ్ము విషయంలో మాత్రం తీర్పు అంత సులువు కాదు. రోడ్డు పక్క ఇళ్లలో రెండు రోజులు తుడవకపోతే పీఎస్5 నడుమ ఉన్న మెరిసే నలుపు మీద ప్రతి రేణువూ కనిపిస్తుంది, తెల్ల రెక్కలు మాత్రం దాన్ని బాగా దాస్తాయి. సిరీస్ ఎక్స్ మెరుపు లేని (మ్యాట్) నలుపు మీద వేలి జిడ్డు మరకలు పడతాయి, పైన నోరు తెరిచిన రంధ్రాలు దుమ్మును ఆహ్వానిస్తాయి. శుభ్రం చేయడంలో పీఎస్5దే పైచేయి: రెక్కలు స్క్రూలు లేకుండా చేత్తోనే ఊడివస్తాయి, లోపల దుమ్ము పోగయ్యే రంధ్రాలను వ్యాక్యూమ్‌తో లాగేయవచ్చు. రాత్రి దీపాలార్పి సినిమా చూసేవారికి మాత్రం, పీఎస్5 రెక్కల అంచున పరుచుకునే వెలుగు గీత కంటే సిరీస్ ఎక్స్ ముందు వెలిగే చిన్న తెల్లని గుర్తే నయం.

మిగిలిన కన్సోళ్ల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. మైక్రోసాఫ్ట్ వారి సిరీస్ ఎస్ ముచ్చటైన తెల్లటి చిన్న పెట్టె, చోటు లేనివారికి మంచిది, ఆ గుండ్రటి నల్లని జాలీ నచ్చితే తీసుకోవచ్చు. నింటెండో వారి స్విచ్ చేతిలో ఉండాల్సిన వస్తువు, టీవీకి కలిపే డాక్‌లో పెడితే కనబడనే కనబడదు. పీఎస్5లోనే పై మోడల్ అయిన పీఎస్5 ప్రో నడుమ మూడు నల్లని చారలు నాకు అతిగా అనిపించాయి.

అడిగినవారందరికీ నేను చెప్పేది ఇదే: టీవీ పక్కన బల్ల మీద ఖాళీ ఉంటే సిరీస్ ఎక్స్ తీసుకుని నిలబెట్టండి, నేనూ అదే చేశాను. అరలోనే పెట్టాలి, ఆ అర ఎత్తేమో ఆరు అంగుళాలు దాటదు అంటే పీఎస్5 తీసుకోవడమే సరి. అందులోనూ 2023లో వచ్చిన చిన్న మోడల్ పీఎస్5 స్లిమ్ 96 మిల్లీమీటర్ల మందమే కాబట్టి సులువుగా పడుతుంది. దాన్ని పడుకోబెట్టడానికి చిన్న ప్లాస్టిక్ కాళ్లు పెట్టెలోనే వస్తాయి, నిలబెట్టే స్టాండు మాత్రం విడిగా కొనాలి. ఏది కొన్నా, వెనక తీగలకు మరో మూడు నాలుగు అంగుళాల లోతు ఉందో లేదో కొనకముందే టేపు పెట్టి చూసుకోండి.