టెర్రీలో మెట్టరైతుల ఫొటోలు

మినియాపొలిస్ నుంచి ఎల్లోస్టోన్ పార్కుకి ఐ-94 హైవే మీద కారులో వెళ్తూ, దారిలో మోంటానాలోని టెర్రీ అనే చిన్న ఊళ్లో ఆగాం. మొదటి రోజు గురించి చెప్పడానికేమీ లేదు, అంతా రోడ్డే. ఆ రాత్రి నార్త్ డకోటాలో దిగిన మోటల్ గురించి మాత్రం చెప్పాలి. వంటగది ఉన్న గది అని చూసే బుక్ చేశాను, పన్నులతో 103 డాలర్లు. నాన్నకి షుగరు, రాత్రిపూట బయటి తిండి పడదు. మా ఆవిడ కుక్కర్లో అన్నం, పప్పు పెట్టింది. పొద్దున గది ఖాళీ చేస్తుంటే కౌంటర్లో మనిషి "వాసన" అని 75 డాలర్లు అదనంగా లాగాడు. వంటగది ఇచ్చి వండినందుకు జరిమానా ఏమిటని అడిగితే, ముక్కు మూసుకుని చూపించాడు, అదీ నాన్న ముందే. కార్డు కంపెనీకి ఫిర్యాదు పెట్టాను, ఇంకా తేలలేదు. మీరెవరైనా ఇలా బుక్ చేస్తే, వండుకోవచ్చని వాళ్ల చేత రాయించుకోండి. మాటకి విలువ లేదు.

75 డాలర్ల కంటే నాన్న మౌనం నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఆయన అనంతపురం జిల్లాలో యాభై ఏళ్లు చెనిక్కాయ పండించిన మనిషి. మోంటానా సరిహద్దు దాటేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. తర్వాత "నా కోసం మీరు మాటలు పడొద్దురా, రేపట్నుంచి రొట్టె తింటా" అన్నారు.

గ్లెండైవ్ దాటాక టెర్రీ వస్తుంది. కాళ్లు చాపుకోవడానికని దిగాం. వందల్లోనే జనాభా ఉన్న ఊరు, ఒకటే పెద్ద వీధి. అక్కడ ఒకప్పటి బ్యాంకు భవనంలో ప్రైరీ కౌంటీ మ్యూజియం ఉంది, ఎవలిన్ కామెరాన్ గ్యాలరీ కూడా అక్కడే. ఎవలిన్ ఇంగ్లండులో కలిగినింటి ఆడపడుచు. 1889లో భర్తతో ఇక్కడికి వచ్చింది. పోలో గుర్రాలు పెంచి ఇంగ్లండుకి అమ్మాలనుకున్నారు, నష్టపోయారు. 1894లో కెమెరా పట్టింది. ఇంటిపని, పశువుల పని చేసుకుంటూనే గాజుపలకల మీద ఫొటోలు తీసి, అమ్మి నాలుగు డబ్బులు సంపాదించింది. రోజూ డైరీ రాసేది. 1928లో పోయింది. ఆ పలకలన్నీ ఇదే ఊళ్లో స్నేహితురాలి ఇంటి నేలమాళిగలో దశాబ్దాలు ఉండిపోయి, 1970లలో బయటి లోకానికి తెలిశాయి.

మా ఆవిడ పెద్ద పళ్లెంలో రొట్టెపిండి పిసుకుతున్న ఎవలిన్ ఫొటో దగ్గర ఆగిపోయింది. నాన్న మాత్రం చెట్టన్నది లేని బయలులో చిన్న ఇల్లు, దాని ముందు వరసగా నిలబడ్డ భార్యాభర్తలు, పిల్లలు ఉన్న ఫొటోని వదల్లేదు. "మెట్ట సేద్యమే కదా?" అన్నారు. అవును. 1909 చట్టంతో సాగుచేసుకునేవాళ్లకి 320 ఎకరాల ప్రభుత్వ భూమి ఉచితంగా వస్తుందని, వానలు కురుస్తాయని రైల్వే కంపెనీలు ఊరూరా ప్రచారం చేశాయి. అంతకుముందు రష్యాలో స్థిరపడిన జర్మన్ కుటుంబాలు కూడా అలా వచ్చినవే. మొదట్లో కాలం కలిసొచ్చింది. 1917 నుంచి కరువు పట్టుకుంది. 1920లలో మోంటానా బ్యాంకుల్లో దాదాపు సగం మూతపడ్డాయి. మేం చూస్తున్న మొహాలన్నీ అంతకు ముందువి. అందరూ ఉన్నవాటిలో మంచి బట్టలు వేసుకున్నారు.

అక్కడ పనిచూసే పెద్దావిడ నాన్నని గమనించి కుర్చీ తెచ్చి వేసింది. మీరేం పండిస్తారని అడిగింది. నేను తర్జుమా చేస్తుంటే ఆయన విత్తనం లోతు, గుంటక, వానకీ వానకీ మధ్య ఎన్నాళ్లు ఓర్చుకోవచ్చు, అన్నీ చెప్పారు. ఆవిడ గోధుమ సంగతులు చెప్పింది. అరగంట అనుకున్నది రెండున్నర గంటలైంది. విరాళాల డబ్బాలో 20 డాలర్లు వేశాను, నాన్న విడిగా ఇంకో పది వేశారు. ఈ దారిలో వెళ్లే మనవాళ్లు గంటైనా ఇక్కడ ఆగాలని గట్టిగా చెబుతాను. వేసవిలోనే తెరుస్తారు, ఫోన్ చేసి వెళ్లండి. వెనక ఆవిరితో వేడిచేసే పాతకాలపు మరుగుదొడ్డి ఒకటుంది, దానికీ ఊళ్లో పేరుంది.

ఊరికి ఉత్తరాన టెర్రీ బ్యాడ్‌ల్యాండ్స్ అనే కోసుకుపోయిన మట్టిగుట్టలు బాగుంటాయి. తడిస్తే ఆ మట్టి దారిలో కారు పెట్టొద్దు. నాన్న పిడికెడు మట్టి తీసి నలిపి "మన రేగడే, వానొస్తే చక్రం వదలదు" అన్నారు. అందుకే అంచు దాకా వెళ్లి తిరిగొచ్చేశాం.

ఆ రాత్రి మైల్స్ సిటీలో గది పన్నుతో 121 డాలర్లు. సంచులు దించకముందే కుక్కర్ చేత్తో పట్టుకుని అడిగాను. కౌంటర్లో అమ్మాయి "వండుకోండి" అని కాగితం మీద రాసిచ్చింది. నాన్న రెండోసారి అన్నం వడ్డించుకుని, ఆ ఫొటోలో ఇంటి ముందు నిలబడ్డ పెద్దమనిషికి ఎద్దులుండేవా, గుర్రాలుండేవా అని అడిగారు.