పాత నోకియా పేరుతో అమ్ముతున్న ‘స్ట్రాంగ్’ ఫోన్లు: శ్రీకాకుళం వాళ్లు జాగ్రత్త

శ్రీకాకుళం టౌన్‌లోనూ, పలాస, టెక్కలి వైపు కూడా సెల్ షాపుల అద్దాల అరల్లోకి పాత బటన్ ఫోన్లు మళ్లీ వచ్చాయి. ముఖ్యంగా నోకియా 1100. తళతళలాడుతుంటుంది, మీద పల్చటి ప్లాస్టిక్ పొర కూడా తీయకుండా ఉంటుంది. “పాత కాలం సరుకండీ, వారం దాకా ఛార్జింగ్ దిగదు, గోడకేసి కొట్టినా ఏటీ అవదు” అంటూ చేతిలో పెడతారు. మా నాన్న కోసం పదహారు వందలు పెట్టి ఒకటి తీసుకున్నాం. మీ ఇంట్లో పెద్దవాళ్లకి అలాంటిది కొనే ఆలోచన ఉంటే ముందు ఇది చదవండి. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి షాపు పేరు రాయను. ఇదంతా నకిలీ సామానుతో జరుగుతున్న వ్యాపారం, ఆ కంపెనీ తప్పేమీ లేదు.

మొదటిరోజే సాయంత్రానికి బ్యాటరీ ఒక్క గీతకి వచ్చేసింది. షాపుకి ఫోన్ చేస్తే “కొత్త బ్యాటరీ కదా సార్, నాలుగుసార్లు పూర్తిగా దించి ఎక్కించండి, సెట్ అయిపోద్ది” అన్నాడు. ఈ మాట ఎవరు చెప్పినా నమ్మకండి. అది నికెల్ బ్యాటరీల రోజుల నాటి సలహా. లిథియం బ్యాటరీని అలా పూర్తిగా దించితే మేలు లేదు సరికదా, ఇంకాస్త తొందరగా పాడవుతుంది. తర్వాత వింత మొదలైంది. అరగంట ఛార్జింగ్ పెడితే ఫుల్ చూపిస్తుంది, రెండు కాల్స్ మాట్లాడేసరికి ఆగిపోతుంది. ఇలా ఎక్కడమూ దిగడమూ రెండూ చకచకా జరుగుతున్నాయంటే బ్యాటరీలో పట్టే సామర్థ్యమే పోయిందని అర్థం. నెల తిరగకుండానే వెనక మూత సరిగ్గా పడటం మానేసింది. తీసి చూస్తే బ్యాటరీ నడిమధ్య ఉబ్బి ఉంది. ఇక గోడకేసి కొట్టినా ఏమీ కాదన్న ఫోను మంచం మీంచి జారితే మూల విరిగింది.

మా ఊళ్లో రిపేర్లు చేసే కుర్రాడికి చూపిస్తే స్క్రూలు విప్పి నవ్వాడు. “బోర్డు ఒక్కటే పాతది అన్నయ్యా. హౌసింగు, కీప్యాడు, బ్యాటరీ మొత్తం డూప్లికేటే.” బ్యాటరీ మీద 2400 ఎంఏహెచ్ (ఎంత ఛార్జింగ్ పడుతుందో చెప్పే కొలత) అని బంగారు రంగు అక్షరాలతో ఉంది. తన దగ్గరున్న టెస్టర్‌కి తగిలిస్తే మూడొందలు కూడా చూపలేదు.

మోసం అంతా అక్కడే ఉంది. పాత ఫోన్లో గట్టిదనం ఆ ప్లాస్టిక్ తొడుగుది, ఆ కీప్యాడ్‌ది. వాటిని తీసేసి పల్చటి కాపీ తొడుగు వేస్తున్నారు. కొత్తగా ఉండాల్సింది బ్యాటరీ. దాని బదులు ఎప్పటిదో చచ్చినదో, పేరు ఊరు లేనిదో పెడుతున్నారు. పాతది ఉండాల్సిన చోట కొత్తది, కొత్తది ఉండాల్సిన చోట పాతది.

ఇంతకీ మన వాళ్లు ఆ ఫోన్ అనగానే ఎందుకు చెయ్యి చాస్తారో అమ్మేవాళ్లకి బాగా తెలుసు. ఉద్దానంలో ఎవరినైనా అడగండి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి చెట్లు, జీడితోటలు నేలమట్టమయ్యాయి, రోజుల తరబడి కరెంటు లేదు. టచ్ ఫోన్లన్నీ అద్దం ముక్కల్లా పడి ఉంటే, ఇంట్లో ఏ మూలో ఉన్న బటన్ ఫోన్ టార్చి మాత్రం వెలిగింది. మా నాన్న ఇప్పటికీ దాని గురించే చెప్తారు. నిజానికి టవర్లు పడిపోయి సిగ్నల్ లేనప్పుడు ఏ ఫోనైనా సిగ్నల్ కోసం వెతుక్కుంటూ మామూలుకంటే తొందరగా ఛార్జింగ్ తినేస్తుంది. అయినా అది నిలబడింది. ఆ జ్ఞాపకం నిజమే. దాన్నే ఇప్పుడు పదహారు వందలకి అమ్ముతున్నారు.

మరి అది ఎందుకు నిలబడింది? బ్యాటరీ గొప్పదై కాదు. 2003లో వచ్చిన 1100లో ఉన్నది బీఎల్-5సీ అనే రకం, 850 ఎంఏహెచ్. ఈరోజు మామూలు టచ్ ఫోన్లో 5000 ఉంటుంది, అంటే దాదాపు ఆరు రెట్లు. తేడా అంతా ఖర్చులో ఉంది. పాత ఫోన్ స్క్రీన్ 96 అడ్డం, 65 నిలువు చుక్కల నలుపు-తెలుపు ముక్క. బటన్ నొక్కినప్పుడే లైటు. ఇంటర్నెట్ లేదు, జీపీఎస్ లేదు, వెనకాల నడిచే యాప్‌లు లేవు. ఒక్క బల్బు వెలిగే ఇంటికీ, రెండు ఏసీలు తిరిగే ఇంటికీ కరెంటు బిల్లు ఒకటే రాదు కదా. ఇంకో సంగతి, కంపెనీ అప్పట్లో చెప్పిన 400 గంటలు ఊరికే పక్కన పెట్టి ఉంచితేనే. మాట్లాడితే నాలుగున్నర గంటలే. మాటల వరకే చూస్తే ఇప్పటి టచ్ ఫోనే ఎక్కువసేపు నడుస్తుంది. ఇది చెబితే నాన్న ఒప్పుకోలేదు, అది వేరే సంగతి.

లిథియం బ్యాటరీ వాడకపోయినా ముసలిదైపోతుంది. సోనీ వాటిని 1991లో మార్కెట్లోకి తెచ్చిననాటి నుంచి ఈరోజు దాకా ఈ గుణం మారలేదు. లోపల రసాయనాలు మెల్లగా మారుతూనే ఉంటాయి, ఎండ తగిలితే ఇంకా త్వరగా. పూర్తిగా ఖాళీ అయి ఏళ్ల తరబడి డబ్బాలో ఉండిపోయినదైతే లోపలే పాడైపోయి ఉంటుంది, దాన్ని ఛార్జింగ్ పెట్టడమే ప్రమాదం. కాబట్టి “సీల్ తీయని పాత స్టాకు, ఒరిజినల్ బ్యాటరీ” అని ఎవరైనా గొప్పగా చెప్తే అది వద్దనుకోవడానికి కారణమే. ఆ మోడల్ తయారీ ఆగిపోయి పదిహేనేళ్లు దాటింది. ఒరిజినల్ అయినా పనికిరాదు, పనికొచ్చిందంటే ఒరిజినల్ కాదు.

అసలు బ్యాటరీకే ఎంత జాగ్రత్త అవసరమో చెప్పడానికి ఒక సంగతి. 2007 ఆగస్టులో నోకియా స్వయంగా హెచ్చరిక ఇచ్చింది. ఇదే బీఎల్-5సీ, 2005 డిసెంబరు నుంచి 2006 నవంబరు మధ్య మత్సుషితా అనే జపాన్ కంపెనీ తయారు చేసినవి 4 కోట్ల 60 లక్షలు. ఛార్జింగ్‌లో ఉండగా షార్ట్ అయి వేడెక్కి ఊడి వస్తున్నాయని చెప్పి, నంబరు చూసి ఉచితంగా మార్చి ఇచ్చారు. అంత పెద్ద కంపెనీ అంత పెద్ద తయారీదారు దగ్గర కొంటేనే అలా అయింది. లోపల రక్షణ సర్క్యూట్ ఉందో లేదో తెలియని వంద రూపాయల బ్యాటరీని రాత్రంతా దిండు పక్కన ఛార్జింగ్ పెట్టుకునే పెద్దవాళ్లు మన ఇళ్లలో ఎంతమంది ఉన్నారో ఆలోచించండి.

కొనాల్సిందే అనుకుంటే షాపులోనే కొన్ని చూసుకోవచ్చు. ముందు మీద రాసిన అంకె. బీఎల్-5సీ కొలతలో 850తో మొదలై తర్వాత 970, 1020 దాకా వచ్చాయి. అదే సైజులో 2400, 2800 అని రాసి ఉంటే అబద్ధం, అంత ఆ డబ్బాలో పట్టదు. తర్వాత బ్యాటరీని విడిగా తీసి అద్దపు కౌంటరు మీద పెట్టి వేలితో తిప్పండి. బొంగరంలా గిర్రున తిరిగిందంటే నడుము ఉబ్బినట్టే. షాపువాళ్లు దీనికి కొంచెం చిరాకు పడతారు, పడనివ్వండి. బ్యాటరీ మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉండాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే ఏ కంపెనీది, ఏ వస్తువుది అని చూపిస్తుంది. గుర్తు మాత్రమే ముద్రించి నంబరు లేకపోతే వదిలేయండి.

ఫోన్ సంగతికొస్తే స్టార్ హ్యాష్ 06 హ్యాష్ నొక్కితే పదిహేను అంకెల ఐఎంఈఐ, అంటే ఆ ఫోన్ గుర్తింపు నంబరు, వస్తుంది. బ్యాటరీ కింద స్టిక్కరు మీద ఉన్నదానితో కలవాలి. మాది కలవలేదు. ఆ నంబరు ముందు కేవైఎం అని ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసి, ఖాళీ వదిలి నంబరు రాసి 14422కి మెసేజ్ పంపితే అది ఏ కంపెనీ ఏ మోడల్‌దో సమాధానం వస్తుంది. దొంగతనం ఫోన్ బోర్డు చేతికొస్తే టెన్షన్ మనకే కాబట్టి ఇది మానకండి. చాలామంది చూడని ఇంకో విషయం సిమ్. 1100 లాంటివి 2జీ అనే పాత నెట్‌వర్క్ మీదే పనిచేస్తాయి. జియోకి 2జీ నెట్‌వర్క్ లేదు, ఆ సిమ్ వేస్తే సిగ్నలే రాదు. మన పల్లెల్లో చాలామంది చేతిలో ఉన్నది ఆ సిమ్మే, షాపువాడు మాత్రం డబ్బులు తీసుకున్నాకే ఆ మాట చెప్తాడు.

నా లెక్కలో ఈ గొడవంతా అక్కర్లేదు. ఇంచుమించు అదే ధరకి 4జీ ఉన్న కొత్త బటన్ ఫోన్లు, టార్చితో, చేత్తో ఊడదీసి మార్చుకునే బ్యాటరీతో, జీఎస్టీ బిల్లుతో దొరుకుతున్నాయి. పాత ఫోన్లలో నిజంగా మెచ్చుకోవాల్సిన గుణం ఆ ఊడదీసే బ్యాటరీయే. బ్యాటరీ చస్తే రెండొందలు పెట్టి ఇంకోటి వేసుకునేవాళ్లం, ఫోను ఇంకో నాలుగేళ్లు నడిచేది. టచ్ ఫోన్లలో జిగురుతో అంటించేశారు, అందుకే బ్యాటరీ పోతే ఫోనే పోయిందనుకుంటున్నాం. యూరప్‌లో వాడేవాళ్లే సులువుగా మార్చుకునేలా బ్యాటరీ ఉండాలని చట్టం చేశారు, 2027 ఫిబ్రవరి 18 నుంచి అమలు. మన దగ్గర 2022 డిసెంబరులో రిపేరు హక్కు పోర్టల్ ఒకటి పెట్టారు, జిగురు సంగతి ఇంకా అలాగే ఉంది. టచ్ ఫోన్ బ్యాటరీ దిగిపోయినవాళ్లు కొత్త ఫోన్ కొనేముందు కంపెనీ సర్వీస్ సెంటర్‌లో బ్యాటరీ మార్పుకి ఎంతో అడగండి. వీధి చివర “ఒరిజినల్ వేస్తాం” అనే చోట వేయించుకుంటే కథ మళ్లీ నాదే అవుతుంది.

షాపుతో ఏం జరిగిందంటే, మొదట ఇంకో బ్యాటరీ ఇచ్చాడు, అదీ అంతే. డబ్బులు వెనక్కి అడిగితే “బ్యాటరీకి గ్యారంటీ ఉండదు, అమ్మిన సరుకు వాపసు తీసుకోం” అని గోడమీద బోర్డు చూపించాడు. ఆ బోర్డు చూసి వెనక్కి వచ్చేయకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న సరుకుని బిల్లులో రాసిన గడువులోపల, గడువు రాయకపోతే ముప్పై రోజుల్లోపల వెనక్కి తీసుకోనంటే అది అక్రమ వ్యాపార పద్ధతి. బిల్లు ఇవ్వకపోవడమూ అందులోకే వస్తుంది. మాకు ఇచ్చింది తెల్ల కాగితం చీటీ. కానీ డబ్బు ఫోన్ పేమెంట్‌లో కట్టాం కాబట్టి షాపు పేరు, తేదీ, మొత్తం అన్నీ దొరికాయి. దయచేసి ఇలాంటివాటికి నగదు ఇవ్వకండి.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడి ఫిర్యాదు రాసుకున్నారు. ఆ తర్వాత షాపు నుంచి “సగం ఇచ్చేస్తాం, వదిలేయండి” అని కబురొచ్చింది. ఒప్పుకోలేదు. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాం. ఐదు లక్షల లోపు కేసుకి ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంట్లోంచే వేయొచ్చు. కొన్న ఊళ్లోనే వేయాలన్న నియమమూ లేదు, మనం ఉండే జిల్లాలో వేయొచ్చు. ఇలాగే మోసపోయినవాళ్లు ఉంటే చీటీ, పేమెంట్ స్క్రీన్‌షాట్, ఐఎంఈఐ స్టిక్కరు ఫొటో తీసి దగ్గర పెట్టుకోండి. ఫోన్ తిరిగి షాపులో వదిలి రావద్దు, సాక్ష్యం అదే.

ఇంట్లో ఇప్పటికే ఉబ్బిన బ్యాటరీ ఉంటే దాన్ని నొక్కి మూత బిగించే ప్రయత్నం చేయకండి, మళ్లీ ఛార్జింగ్ పెట్టకండి, గుచ్చకండి. పిల్లలకి అందకుండా, మంటకీ ఎండకీ దూరంగా ఒక మట్టిపాత్రలో ఇసుక పోసి అందులో ఉంచండి. చెత్తబండిలో వేయకుండా ఏదైనా ఫోన్ కంపెనీ సర్వీస్ సెంటర్‌లోనో, ఈ-వేస్ట్ తీసుకునే చోటో ఇచ్చేయండి.