అమెరికా టికెట్: దుబాయ్‌లో ఆగడం మేలా, ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆగడం మేలా?

వీసా చేతికొచ్చిందంటే చాలు, హన్మకొండ, కాజీపేట నుంచి నాకొచ్చే ఫోన్లలో ప్రశ్న ఒకటే: "అన్నా, గల్ఫ్ మీదికెళ్లి పోవాల్నా, యూరప్ మీదికెళ్లి పోవాల్నా?" మొన్న మా అమ్మానాన్నలకు షికాగో టికెట్ తీసేటప్పుడు నేనూ ఇదే తేల్చుకోవాల్సి వచ్చింది. ధర, లగేజీ, మధ్యలో ఎంతసేపు కూర్చోవాలి అన్నవి అందరూ చూసుకునేవే. నేను అన్నిటికంటే ముందు చూసేది వేరు: ఏ విడతలో విమానం ఎన్ని గంటలు ఆగకుండా ఎగరాలి? ఎంత బరువుతో నేల విడవాలన్నది దాన్నిబట్టే తేలుతుంది.

దూరంలో ఈ రెండు దారులకూ తేడా లేదు. శంషాబాద్ నుంచి దుబాయ్ సుమారు 2,500 కిలోమీటర్లు, అక్కడినుంచి షికాగో 11,600. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా అయితే 7,100, ఆపైన 7,000. ఎటు పోయినా 14 వేల పైచిలుకే. తేడా అంతా ఎక్కడ ఆగామన్నదానిలోనే ఉంది. దుబాయ్‌లో ఆగడమంటే ఇల్లు దాటీ దాటకముందే ఆగడం. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆగడమంటే సరిగ్గా సగం దారిలో ఆగడం.

గాల్లో ఉండగా విమానం బరువు తగ్గేది దాదాపు ఇంధనం కాలడం వల్లే. మనం తిన్న భోజనం మన కడుపులోకి పోతుంది గానీ విమానం దాటి పోదు. టాయిలెట్‌లోదీ లోపలి ట్యాంకులోనే ఉండి, దిగాక ఖాళీ అవుతుంది. ఇంధనం లెక్క మాత్రం చాలా పెద్దది. దూరప్రయాణాలకు వాడే పెద్ద విమానం బోయింగ్ 777-300ఈఆర్ తీసుకోండి. ఖాళీగా ఉంటే సుమారు 168 టన్నులు. గరిష్ఠంగా 351 టన్నుల బరువుతో లేవగలదు. ట్యాంకులన్నీ నింపితే ఇంధనమే దాదాపు 145 టన్నులు.

దుబాయ్ నుంచి షికాగోకు పదిహేను గంటలు. రిజర్వుతో (అవసరం పడితే వాడటానికి ఉంచుకునే అదనపు ఇంధనంతో) కలిపి 120 టన్నులకు పైనే ఇంధనం కావాలి. 351లోంచి విమానం బరువు, ఇంధనం తీసేస్తే మనుషులకు, పెట్టెలకు, సరుకుకు మిగిలేది 60 టన్నుల చుట్టూ. నిజానికి ఆ విమానం 70 టన్నుల దాకా మోయగలదు. అంటే ఇంధనానికి చోటివ్వడం కోసం సుమారు పది టన్నులు వదులుకోవాలి. ఎదురుగాలి బలంగా ఉన్న రోజున ఇంకొంచెం వదులుకోవాలి. అప్పుడు ముందు సరుకు ఆగిపోతుంది, తప్పకపోతే పెట్టెలు మరుసటి విమానంలో వస్తాయి. సకినాలు, ఆవకాయ సర్ది 23 కిలోల పెట్టెను ఇంట్లో మూడుసార్లు తూకం వేసుకునే అమ్మలకు ఇది చిన్న సంగతి కాదు.

అదే విమానం ఫ్రాంక్‌ఫర్ట్ దాకా తొమ్మిది గంటలే ఎగరాలంటే 75 టన్నుల ఇంధనం సరిపోతుంది. మనుషులు, పెట్టెలు, సరుకు కలిపి 70 టన్నులూ నింపుకున్నా మొత్తం 313. గరిష్ఠానికి ఇంకా 38 టన్నుల తక్కువ. మనిషినీ, పెట్టెనూ వదలక్కర్లేదు. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి షికాగో విడతకూ ఇంచుమించు ఇదే లెక్క.

అసలు కిటుకు మోతలో ఉంది. మేడారం దాకా నడిచిపోయే మనిషి దారి పొడవునా తినేదంతా నెత్తిన పెట్టుకుంటే, ఆ మోత మోసినందుకే ఇంకో పూట సద్ది కావాలి. విమానమూ అంతే. ఒక టన్ను అదనంగా ఎక్కిస్తే, అది మోయడానికే గంటకు ఆ బరువులో సుమారు మూడు నాలుగు శాతమంత ఇంధనం కాలుతుంది. తొమ్మిది గంటల ప్రయాణంలో మూడో వంతు టన్ను, పదిహేను గంటల్లో సగం టన్ను దాటుతుంది. ఆఖరి గంటలో కాలే ఇంధనాన్ని మొదటి గంట నుంచీ మోయాలి కదా!

ఈ బరువు తగ్గడం కూర్చున్నచోటి నుంచే చూడొచ్చు. సీటు ముందున్న స్క్రీన్‌లో ఎత్తు గమనించండి. నిండు బరువుతో ఉన్న విమానం మొదట్లో 31,000 అడుగుల దగ్గరే ఆగుతుంది. నాలుగైదు గంటలకు 33,000, ఆ తర్వాత 35,000, ఇంకా తేలికయ్యాక 37,000 దాకా మెట్లు మెట్లుగా ఎక్కుతుంది. పైన గాలి పలుచన, ఇంధన ఖర్చు తక్కువ, కానీ అక్కడికి పోవాలంటే తేలికవ్వాలి. 777 మొదట్లో గంటకు ఎనిమిది టన్నుల పైన కాల్చి, చివరికొచ్చేసరికి ఆరేడు టన్నులకు దిగుతుంది. రెక్క పక్క సీటు దొరికితే రెక్కను చూడండి. నేల మీద కిందికి వాలి ఉన్నది, లేవగానే పైకి వంగుతుంది. రెక్కల్లోని ఇంధనం బరువు ఆ వంపు మరీ పెరగకుండా పట్టి ఉంచుతుంది, అందుకే నడుమ ట్యాంకును ముందు వాడి రెక్కల ట్యాంకులను తర్వాతికి ఉంచుతారు.

వేసవి ఇంకో చిక్కు. వేడి గాలి పలుచన, రెక్కలకు పట్టు తక్కువ. గల్ఫ్ దారిలో అతి బరువైన విడత మొదలయ్యేది దుబాయ్ ఎండలో.

గల్ఫ్ దారి పనికిరాదని కాదు. విమానాలు ఎక్కువ, టికెట్ చాలాసార్లు చవక. జగిత్యాల, సిరిసిల్ల వైపు దుబాయ్‌లో అన్నదమ్ములున్నవాళ్లు వీసా తీసుకుని రెండ్రోజులు ఆగి పోవచ్చు. ఒక్కసారి పడుకుంటే పది గంటలు లేవని కుర్రాళ్లకు పదిహేను గంటలు లెక్కే కాదు.

ఢిల్లీ వెళ్లి అక్కడినుంచి నేరుగా పోవడం మూడోది. అదీ దుబాయ్ లాంటిదే: చిన్న విడత ముందు, చాంతాడంత విడత తర్వాత. 2025లో పాకిస్థాన్ గగనతలం మూసేశాక దారి పెరిగి, ఢిల్లీ–అమెరికా విమానాలు కొన్ని వియన్నాలో దిగి ఇంధనం నింపుకోవాల్సి వచ్చింది.

మా వాళ్లకు ఫ్రాంక్‌ఫర్ట్ టికెట్టే తీశాను. తొమ్మిది గంటలకోసారి లేచి నడిస్తే నాన్న మోకాళ్లకూ మంచిది. చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉండి, ఎయిర్‌పోర్టు బయటకు రాకపోతే అక్కడ విడిగా ట్రాన్సిట్ వీసా అక్కర్లేదు. బుక్ చేసేముందు మొత్తం గంటల దగ్గరే ఆగిపోకండి. అన్నిటికంటే పొడుగు విడత ఎన్ని గంటలో చూడండి, అది పన్నెండు దాటితే ఇంకో దారి వెతకండి.