నేల కోసం ఒక యాత్ర: కెంప్టెన్ నుంచి బోల్జానో దాకా నాలుగు బసలు

జర్మనీలో ఆగ్స్‌బుర్గ్ దగ్గరి ఒక చిన్న ఊళ్లో 1960ల నాటి ఇల్లు కొన్నప్పుడే, కిటికీల కింద ఉండి గదుల్ని వేడిచేసే ఇనుప రేడియేటర్లు తీసేసి నేలలో వేడినీటి పైపులు వేయించాలని అనుకున్నాం. దానికి కారణం మా అత్తయ్యగారు. ఆమె వినాయక చవితి అయ్యాక తెనాలి నుంచి వచ్చి, కార్తీకమాసంలో కొన్నాళ్లు మాతో గడిపి తిరిగి వెళతారు. తెచ్చుకున్న కత్తిపీట ముందేసుకుని కూరలు తరిగినా, దీపం ముందు కూర్చున్నా, మనవరాలికి జడ వేసినా ఆమెకు నేలే చోటు. అద్దె ఇంట్లో మాత్రం అక్టోబరు దాటాక పది నిమిషాలు నేల మీద కూర్చుంటే మోకాళ్లు పట్టేసేవి.

అయితే ఏ పద్ధతి, పైపుల మధ్య ఎంత ఎడం, ఎంత వేడి నీరు అన్న దగ్గర చిక్కుపడ్డాం. అడిగిన ప్రతి ప్లంబరూ తనకు అలవాటైన పద్ధతే మంచిదన్నారు. కాగితాలు చదివి తేల్చుకోవడం కంటే అలాంటి నేలల మీద ఒక్కో రాత్రి ఉండి చూడటం మేలనిపించి, నవంబరు మధ్యలో అత్తయ్యగారిని, పాపను తీసుకుని నాలుగు రాత్రుల ప్రయాణం పెట్టుకున్నాం. గది కుదుర్చుకునే ముందే ప్రతి యజమానినీ మూడు ప్రశ్నలు అడిగాను: నేలలో పైపులు ఎలా వేశారు, నీటిని వేడిచేసేది ఏది, వేడిని సర్దేది ఎవరు. తాకకుండానే నేల వేడిని చూపే చిన్న థర్మామీటరు, గది గాలిని కొలిచే మరొకటి, ఒక నోటుపుస్తకం నా సంచిలో ఉన్నాయి.

మొదటి మజిలీ కెంప్టెన్. ఆ ఊళ్లో రోమన్ల నాటి కాంబొడూనుమ్ పట్టణపు శిథిలాలు ఉన్నాయి. అక్కడి చిన్న స్నానశాలల్లో నేలను చిన్న చిన్న స్తంభాల మీద ఎత్తి, దాని కింద పొయ్యి నుంచి వచ్చే వేడి పొగను పారించిన ఏర్పాటు ఇప్పటికీ కనిపిస్తుంది. పొగ స్థానంలో నీరు వచ్చిందన్న మాటే గాని, నేల మొత్తాన్ని పొయ్యిగా చేసుకోవడమన్న ఆలోచన అప్పటిదే. నేలబావిలోకి చూస్తున్నట్టు వంగి ఆ స్తంభాల వరసలను చూసిన అత్తయ్యగారు, "స్నానాల గదికే ఇంత చేశారా!" అని ఆశ్చర్యపోయారు.

ఆ రాత్రి బస రోజుకు 95 యూరోల అపార్టుమెంటు. శుభ్రంగా ఉంది, వంటగదిలో గిన్నెలకు కొదవ లేదు, బస్టాపు దగ్గర. నేల మాత్రం మమ్మల్ని ఇబ్బంది పెట్టింది. సాయంత్రం ఏడింటికి హాల్లో నేల 31 డిగ్రీలు, గది 24న్నర చూపించాయి. పాప సాక్సులు విప్పేసింది, మేం కిటికీ తెరిచాం. యూరపు ప్రమాణాల్లో మనుషులు మసలే గదుల నేల 29 డిగ్రీలు మించకూడదని ఉంది, స్నానాల గదికి 33 దాకా ఒప్పుకుంటారు. తెల్లవారి ఆరింటికి అదే నేల 22కు, గది 19న్నరకు దిగాయి. రాత్రి పది నుంచి ఉదయం ఐదు వరకు వేడి తగ్గేలా టైమరు పెట్టి ఉంచడం దీనికి కారణం. ఆరున్నర సెంటీమీటర్ల సిమెంటు గచ్చు చదరపు మీటరుకు సుమారు 130 కిలోలు తూగుతుంది. అంత బరువైన దాన్ని చల్లార్చి మళ్లీ వేడెక్కించాలంటే గంటలు పడుతుంది. రాత్రి పోయిన వేడిని ఉదయం తిరిగి రాబట్టడానికి మరింత వేడి నీటిని తోలాల్సి వస్తుంది, ఆ వేడి మనకు అక్కర్లేని సాయంత్రానికి పైకి తేలుతుంది. ఫోను చేయగానే యజమాని వచ్చి మర్యాదగానే మాట్లాడారు గాని, గది వేడిని సర్దే గోడ మీది థర్మోస్టాట్‌ను తిప్పి చూడమనడం తప్ప ఆయన దగ్గర మరో మార్గం లేదు. వేసవిలో వెళ్లేవారికి ఆ ఇల్లు నిస్సందేహంగా మంచిదే.

ఫెర్న్ కనుమ మీదుగా ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ చేరాం. అక్కడ పాత ఊరి నడుమ ఒక పాతకాలపు భవనంలో హోటలు, గది 160 యూరోలు. పాత గచ్చు పగలగొట్టకుండా దానిలోనే యంత్రంతో గాళ్లు కోసి, సన్నని పైపులు అందులో కూర్చి, పైన పలుచగా పూసిన పద్ధతి అది. నేల ఎత్తు పెరగదు కాబట్టి తలుపులు కోయక్కర్లేదు, మెట్ల లెక్క మారదు. పైపు పైకి దగ్గరగా ఉంటుంది కాబట్టి వేడి కూడా తొందరగా అందుతుంది. మేం థర్మోస్టాట్ పెంచిన గంటకే తేడా తెలిసింది. పాత ఇల్లు బాగుచేయించుకునేవారికి దీన్ని మించింది లేదనిపించేంతలో, చెప్పులు విప్పి నడిస్తే నేల చారలు చారలుగా తగిలింది. కొలిచి చూస్తే ఒక పట్టీ 28, పక్క పట్టీ 24. పైన మందం లేనప్పుడు పైపుల ఎడం ఎక్కువైతే మధ్య చోటు చల్లగానే ఉండిపోతుంది. ఈ పద్ధతికి వెళ్లదలిస్తే ఎడం పది, పన్నెండు సెంటీమీటర్లకు తగ్గించాల్సిందే. మా ఇంటికి మరో చిక్కు కూడా ఉంది. పాత గచ్చు కింద వేడిని ఆపే పొర, ఇన్సులేషన్, లేకపోతే వేడి కిందికీ పోతుంది. హోటల్లో కింద ఉన్నది మరో గది గనుక అది వృథా కాదు. మా ఇంటి కింద ఉన్నది చల్లని నేలమాళిగ. అల్పాహారం, పనివారి మర్యాద చాలా బాగున్నాయి, మళ్లీ వెళ్లినా అక్కడే దిగుతాం.

బ్రెన్నర్ కనుమ దాటి ఇటలీలోకి దిగాక బ్రిక్సెన్ పైనున్న కొండవాలులో ఒక రైతు ఇంట్లో బస. రోజుకు 110 యూరోలు. పాలు, గుడ్లు, రొట్టె వాళ్లవే. ఈ యాత్రలో నేను నేర్చుకున్నదంతా దాదాపు ఆ ఇంట్లోనే నేర్చుకున్నాను. లోపలికి అడుగుపెట్టి అరగంటైనా నేల సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. అత్తయ్యగారు శాలువా తీసి మడతపెట్టి పక్కన ఉంచుకుని, గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నారు. కొలిస్తే నేల 25, గది 21. బయట సున్నాకు మూడు డిగ్రీలు దిగువ.

మర్నాడు పొద్దున రైతు నన్ను వంటగది పక్కనున్న గోడ బీరువా దగ్గరికి తీసుకెళ్లి తలుపు తెరిచారు. రెండు ఇత్తడి కడ్డీలు ఒకదాని కింద ఒకటి, వాటి నుంచి తొమ్మిది జతల పైపులు నేలలోకి దిగుతున్నాయి. మానిఫోల్డ్ అంటే అదే. పై కడ్డీ మీద ప్రతి పైపుకూ వేలెడంత గాజు గొట్టం, దానిలో నిమిషానికి ఎన్ని లీటర్లు పారుతున్నాయో చూపే ఎర్రని సూచిక. వంటగది గొట్టంలో అది 1.8 దగ్గర, పక్కనున్న చిన్న గదిలో 0.7 దగ్గర నిలిచి ఉంది. తలుపు లోపలి వైపు అతికించిన కాగితం మీద గది పేరు, పైపు పొడవు, నిలవాల్సిన అంకె పెన్సిలుతో రాసి ఉన్నాయి. రెండు మూడు చోట్ల చెరిపి మళ్లీ రాసిన గుర్తులు కూడా ఉన్నాయి. ఆయన నా చేతిని తీసుకుని కింది కడ్డీకి తిరిగివచ్చే పైపుల మీద వరసగా ఆనించారు. అన్నీ ఒకే తీరుగా గోరువెచ్చన. వెళ్లే నీరు 32 డిగ్రీలు, వచ్చేది 27. నీరు ఎప్పుడూ సులువైన దారినే పోతుంది, పొట్టి పైపులోకి ఎక్కువగా దూరిపోతుంది. అందుకే పొట్టివాటి నోరు కొంచెం బిగించి, పొడుగువాటికి వాటా దక్కేలా చూడాలి. ఈ సర్దుబాటు చేయని ఇంట్లో ఒక గది ఉడుకుతుంది, ఒక గది వణుకుతుంది. అప్పుడు అందరూ కలిసి నీటి వేడిని పెంచేస్తారు.

ఆయన ఇంట్లో నీటిని వేడిచేసేది సొంత అడవి కర్ర ముక్కలతో మండే బాయిలరు. దాని నీరు 70 డిగ్రీలు దాటుతుంది గనుక పెద్ద తొట్టిలో నిలవ చేసి, చల్లని నీరు కలిపే వాల్వు ద్వారా నేలకు 32కు దించి పంపుతారు. మేం పెట్టుకోబోయేది హీట్ పంపు, అంటే బయటి వేడిని కరెంటు సాయంతో లాగి నీటికి అందించే యంత్రం. దానికి ఆ వాల్వు అక్కర్లేదు గాని, నీటి వేడి ఒక్కో డిగ్రీ పెరిగినకొద్దీ కరెంటు ఖర్చు సుమారు రెండు శాతం పైగా పెరుగుతుంది. కాబట్టి తక్కువ వేడి నీటితో నడిచే నేల మాకు సుఖంతో పాటు బిల్లుకు సంబంధించిన విషయం కూడా.

చివరి రాత్రి బోల్జానోలో, క్లీమాహౌస్ 'A' తరగతి ముద్ర ఉన్న కొత్త భవనంలో, 145 యూరోలకు. బోల్జానో ప్రావిన్సులో 2002 నుంచి ఇళ్లకు ఇచ్చే ముద్ర అది. 'A' తరగతి అంటే వేడిచేయడానికి ఏడాదికి చదరపు మీటరుకు 30 కిలోవాట్ అవర్లు మించకూడదు. అత్తయ్యగారు అడుగుపెట్టగానే, "నేల చల్లగానే ఉందే అమ్మాయ్, వేశారంటావా?" అన్నారు. నేల 22న్నర, గది 21న్నర. వేశారు. ఆ గోడల నుంచి బయటికి పోయే వేడి అంత తక్కువ కాబట్టి, నేల గాలి కంటే ఒక్క డిగ్రీ ఎక్కువుంటే చాలు. మన అరికాలు అంతకంటే వెచ్చన కనుక ఆ నేల తగిలితే చల్లగానే అనిపిస్తుంది. రాత్రంతా ఎవరికీ చలి వేయలేదు. కానీ స్నానాల గదిలో ఆ లెక్క కుదరలేదు. తడికాలికి 23 డిగ్రీల టైలు సుఖంగా లేదు, తువ్వాళ్లు ఆరేసే చిన్న రేడియేటరు లేకపోతే మరీ ఇబ్బందయ్యేది. సేవల విషయంలో ఆ బసకు వంక పెట్టలేను. అడిగిన ప్రతిదానికీ అక్కడి నిర్వాహకురాలు ఓపికగా సమాధానం చెప్పారు.

ఇంటికి వచ్చాక ముగ్గురిని కొటేషన్ అడిగాం. ఒకరు ఇల్లంతా 15 సెంటీమీటర్ల ఎడం అని ఫోనులోనే ధర చెప్పారు. మరొకరు ప్రతి గదికీ ఖరీదైన థర్మోస్టాట్ పెడితే చాలు, అన్నీ అవే చూసుకుంటాయన్నారు. మూడో ఆయన ముందు గోడలు, కిటికీలు కొలిచి, గది గదికీ ఎంత వేడి కావాలో లెక్క కట్టిస్తేనే ధర చెబుతానన్నారు. ధర ఎక్కువైనా, బ్రిక్సెన్ బీరువాలోని కాగితాన్ని చూసినదాన్ని కనుక నేను ఆయన వైపే మొగ్గాను.

అత్తయ్యగారి గది 14 చదరపు మీటర్లు, గట్టి చలిలో దానికి కావలసింది 560 వాట్లు. అంటే చదరపు మీటరుకు 40 వాట్లు. నేల గాలి కంటే సుమారు నాలుగు డిగ్రీలు ఎక్కువుంటే సరిపోతుంది. పైపుల ఎడం పది సెంటీమీటర్లు పెడితే 140 మీటర్ల పైపు పడుతుంది. 16 మి.మీ. పైపు ఒక్కో చుట్టు వంద మీటర్లు దాటితే పంపు మీద భారం పెరుగుతుంది కాబట్టి దాన్ని 70 మీటర్ల రెండు చుట్లుగా విడదీశారు; నీరు ఐదు డిగ్రీలు చల్లబడి తిరిగి రావాలంటే ఒక్కోదానిలో నిమిషానికి 0.8 లీటర్లు పారాలి. స్నానాల గదిలో టబ్బు కింద పైపు వేయరు, మిగిలే చోటు తక్కువ. అందుకని అక్కడ ఎడం తగ్గించడమే కాక తువ్వాళ్ల రేడియేటరు కూడా పెట్టించాం. కింది అంతస్తులో పాత గచ్చు పూర్తిగా తీసేసి ఇన్సులేషన్ పరిచి కొత్తది పోయించాం. పై అంతస్తు చెక్క దూలాల మీద నిలిచి ఉంది గనుక, బరువు లేకుండా, పైపులను అల్యూమినియం రేకుల్లో కూర్చే పొడి పద్ధతి ఎంచుకున్నాం.

పని జరిగేటప్పుడు పట్టుబట్టాల్సినవి రెండున్నాయి. గచ్చు పోసేటప్పుడు పైపుల్లో నీరు ఒత్తిడితో నిండి ఉండాలి, ఎక్కడైనా మేకు దిగితే అప్పుడే బయటపడుతుంది. వేడికి గచ్చు సాగేందుకు చోటిచ్చేలా గోడ వెంట పెట్టే మెత్తని పట్టీని టైల్సు వేశాకే కోయాలి. మా ఇంట్లో హాల్లో తొందరపడి ముందే కోసేశారు, ఆ సందులోకి జిగురు దిగి మూలనున్న టైలు పగిలింది, మళ్లీ వేయించుకోవాల్సి వచ్చింది. సిమెంటు గచ్చును 21 రోజులు ఆరనిచ్చాక, మొదటి మూడు రోజులు 25 డిగ్రీల నీటితో, తర్వాత నాలుగు రోజులు లెక్కలో ఉన్న గరిష్ఠ వేడితో నడిపారు. చెక్క పరిచే గదిలో గచ్చు తేమ కొలిచాకే చెక్క వేయడం మొదలైంది.

సర్దుబాటు మాత్రం చలి వచ్చాక మేమే చేసుకోవాల్సిన పని. గదుల థర్మోస్టాట్లన్నీ పూర్తిగా తెరిచిపెట్టి, బయటి చలిని బట్టి నీటి వేడి ఎంతుండాలో చెప్పే గీత, హీట్ కర్వ్ అంటారు, దాని వాలును 0.4 దగ్గర మొదలుపెట్టాం. చలి తక్కువున్న రోజుల్లోనే ఇల్లు చల్లగా ఉంటే గీతను మొత్తంగా పైకి జరపాలి, గడ్డకట్టే రోజుల్లో మాత్రమే చల్లబడితే వాలు పెంచాలి. ఒకసారి మార్చాక రెండు రోజులు ఆగి చూడాలి, నేల అంతకంటే త్వరగా జవాబు చెప్పదు. మూడు వారాలకు వాలు 0.3కు దిగింది. రాత్రి వేడి తగ్గించే టైమరును అసలు పెట్టలేదు. అత్తయ్యగారి గదిలో నీరు పారే అంకెను మాత్రం నేను లెక్కకు మించి 0.9కి పెంచాను, మా మానిఫోల్డ్ బీరువా తలుపు లోపలి కాగితం మీద 0.8ని చెరిపి పెన్సిలుతో అలాగే రాశాను.