పాత అంబాసిడర్‌కి చిన్న ఇంజన్ వేయించాలా, ఉన్న 1489 సీసీ ఇంజన్నే బాగు చేయించాలా? ఏది మేలు?

మా నాన్న 1986లో కొన్న మార్క్ 4 అంబాసిడర్ ఇంకా మా షెడ్డులోనే ఉంది, పెట్రోల్ బండి, మూడక్షరాల పాత నంబరు, స్టీరింగ్ గేరు (గేర్ రాడ్ స్టీరింగ్ పక్కనే ఉంటుంది). స్టార్ట్ అవుతుంది కానీ నీలం పొగ, వారానికోసారి ఆయిల్ పోయాలి, ఎత్తు ఎక్కాలంటే లాగదు. బెజవాడ ఆటోనగర్ తీసుకెళ్తే ముగ్గురు మూడు మాటలు చెప్పారు. పెద్దాయన బోరు కొట్టించి (అరిగిన సిలిండర్లని లేతు మీద కాస్త పెద్దవి చేయించి) ఇదే ఇంజన్ బాగు చేయించుకో అన్నాడు, రెండో ఆయన మారుతి జిప్సీ ఇంజన్ దింపేద్దాం సార్ అన్నాడు, కుర్రాడొకడైతే మారుతి ఈకో వ్యాన్ ఇంజన్ వేస్తే మైలేజీ అదిరిపోద్ది అన్నాడు. ఆరు నెలలు దీని మీదే బుర్ర బద్దలు కొట్టుకున్నా కాబట్టి నాకు అర్థమైంది రాస్తున్నా.

ముందు ఒకటి, సీసీ తక్కువైతే పవర్ తక్కువ అనుకోకండి. అంబాసిడర్‌లో ఉన్నది బ్రిటన్ బీఎంసీ వాళ్ల బి సిరీస్ 1489 సీసీ ఇంజన్, మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌తో పాటు వచ్చిన డిజైన్, పవర్ సుమారు 50 హార్స్‌పవర్. జిప్సీ 1298 సీసీ ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ బదులు కంప్యూటర్ పెట్రోల్ చిమ్మే రకం) ఇంజన్‌ది 80. 2010లో వచ్చిన ఈకో 1196 సీసీది 73. అంటే చిన్న ఇంజన్లే బలమైనవి, కాగితం మీద. పైగా అల్యూమినియం ఇంజన్లు, పాతదేమో మొత్తం పోత ఇనుము, చైన్ బ్లాక్ (బరువులెత్తే గొలుసు కప్పీ) లేకుండా కదలదు.

కానీ లాగుడు సంగతి వేరు. పాత బీఎంసీ ఇంజన్ టార్క్, అంటే లాగే బలం, 106 న్యూటన్ మీటర్ల దగ్గర, అదీ 2400 ఆర్పీఎంకే (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) వచ్చేస్తుంది. జిప్సీది 103, కానీ 4500కి. ఈకోది 101, 3000కి. మూడూ ఇంచుమించు ఒకటే లాగుడు, ఎక్కడ దొరుకుతుందన్నదే తేడా. అంబాసిడర్ టన్నుకి పైనే బరువు, దానికి ఐదుగురు మనుషులు, డిక్కీలో బియ్యం బస్తా. ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్‌లో ఆగి మళ్లీ కదలాలంటే పాత ఇంజన్ క్లచ్ వదిలితే చాలు గుడుగుడు అంటూ పోతుంది, జిప్సీ ఇంజన్ అయితే యాక్సిలరేటర్ గట్టిగా తొక్కి హాఫ్ క్లచ్‌లో లాగాలి. వెనక హౌసింగ్‌లో క్రౌన్ పినియన్ (వెనక చక్రాలని తిప్పే పళ్ల చక్రాల జత) పాతదే ఉంచేస్తే కొత్త గేర్‌బాక్స్‌కి ఆ నిష్పత్తి కుదురుతుందో లేదో కూడా చూసుకోవాలి, ఇది చాలామంది మెకానిక్‌లు అడిగితే తప్ప చెప్పరు.

ఇంక కూర్చోబెట్టే పని. జిప్సీ ఇంజన్ ఎందుకంటే అది బానెట్ కింద ముందు నుంచి వెనక్కి పొడవునా కూర్చుని వెనక చక్రాలకి షాఫ్ట్ ఇచ్చే బండిది, అంబాసిడర్ కూడా అంతే. స్విఫ్ట్‌లాంటి ముందు చక్రాల బండ్ల ఇంజన్ అడ్డంగా ఉంటుంది, దాని గేర్‌బాక్స్ మనకి పనికిరాదు, ఎవరైనా ఆ మాట అంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. జిప్సీలో ఫోర్ వీల్ ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు చక్రాలకీ బలం పంచే పెట్టె) విడిగా ఉంటుంది కాబట్టి అది వదిలేసి గేర్‌బాక్స్ వరకు వాడుకోవచ్చు. ఈకో కూడా వెనక చక్రాల బండే, కానీ సీటు కింద కూర్చోడానికి చేసిన ఇంజన్, గేర్ రాడ్ అమరిక వేరు, లేతు పని, వెల్డింగ్ పని పెరిగిపోతుంది.

మా బాబాయ్ ఇంకో అంబాసిడర్‌కి ఇలాగే జిప్సీ ఇంజన్ వేయించాడు. బండి నిజంగా హాయిగా పోతుంది, అబద్ధం చెప్పను, హైవే మీద నూరు దాటినా గొంతు చించుకోదు. కానీ స్టీరింగ్ గేరు పోయింది, గేర్ రాడ్ కింద నుంచి లేచింది, అంటే ముందు బెంచీ సీటు మధ్యలో కూర్చునేవాళ్ల మోకాళ్ల మధ్యలోకి. మా పిన్ని ఎప్పుడూ కూర్చునే చోటు అది. ఇప్పుడు రెండో గేరు వేసినప్పుడల్లా ఆవిడ కాళ్లు పక్కకి జరపాలి, “ఇంత ఖర్చుపెట్టి నన్ను వెనక సీటుకి పంపావా” అని ఇప్పటికీ అంటుంది. పైగా ముందు బరువు తగ్గేసరికి బండి ముక్కు పైకి లేచింది, టార్షన్ బార్‌లు (ముందు స్ప్రింగుల బదులు ఉండే కడ్డీలు) మళ్లీ సెట్ చేయించాల్సి వచ్చింది. వైరింగ్ చేసినాయన ఈసీఎంని (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్ డబ్బా) బానెట్ కింద వేడిలో కట్టేశాడు, ఏప్రిల్‌లో రెండుసార్లు రోడ్డు మధ్యలో ఆగిపోయింది, డాష్ కిందకి మార్చాక సర్దుకుంది. పాత ఇంజన్ ఆగితే స్పార్క్ ఇచ్చే పాయింట్లు గీకి బయల్దేరతాం, ఇది ఆగితే స్కానర్ ఉన్నవాడు కావాలి.

అసలు తలనొప్పి ఆర్టీవో ఆఫీసులో. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలకీ కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకీ తేడా వచ్చేలా బండి మార్చకూడదు, 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. సీఎన్జీ, బ్యాటరీ లాంటి వేరే ఇంధనానికి మార్చుకోడానికి దారి ఉంది, వేరే కంపెనీ ఇంజన్ వేసుకోడానికి అంత తేలిక దారి లేదు. ఫిట్‌నెస్‌కి వెళ్తే బ్రేకిన్‌స్పెక్టర్ ఇంజన్ నంబరు చూస్తాడు, యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాడూ అదే చూస్తాడు. బాబాయ్ బండి ఇప్పుడు ఊరి పొలిమేర దాటట్లేదు, కారణం ఇదే.

ఇంకోటి కూడా ఉంది. 2021 జూలైలో వచ్చిన రూల్స్ ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా రిజిస్టర్ చేయించుకోవచ్చు, కొత్త రిజిస్ట్రేషన్ 20,000, మళ్లీ చేయిస్తే 5,000, నంబరులో వీఏ అని వస్తుంది. కానీ ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చి ఉండకూడదు. మా బండికి 2036లో యాభై నిండుతాయి. జిప్సీ ఇంజన్ పడితే ఆ దారి మూసుకున్నట్టే.

అలాగని పాత ఇంజన్ చేయించడం చవక వ్యవహారం అనుకోవద్దు. క్రాంక్ (ఇంజన్ కింది షాఫ్ట్) గ్రైండింగ్, రీబోర్, పిస్టన్ రింగులు, బేరింగులు, అన్నీ మంచి లేతు దగ్గర చేయించాలి. హెడ్ (ఇంజన్ పై మూత) దించినప్పుడు వాల్వ్ సీట్లు (వాల్వులు ఆనే అంచులు) తప్పకుండా చూడమనండి, ఈ ఇంజన్ సీసం కలిపిన పెట్రోల్ రోజుల్లోది, మన దేశంలో 2000 నుంచి ఆ పెట్రోల్ లేదు, సీట్లు నేరుగా ఇనుప హెడ్‌లోనే కోసి ఉంటాయి కాబట్టి అరిగి లోపలికి దిగిపోతాయి. టాపెట్ గ్యాప్ (వాల్వ్ పైన వదిలే సందు) సెట్ చేసిన కొన్నాళ్లకే దానంతటదే తగ్గిపోతోందంటే అదే కారణం, గట్టి సీట్లు కొట్టించేయడం మంచిది. ఇప్పుడొచ్చే ఇరవై శాతం ఇథనాల్ పెట్రోల్‌కి పాత రబ్బరు పైపులు, పంపు డయాఫ్రం ఉబ్బి చీలిపోతాయి, అవీ మార్చాలి. క్రాంక్ వెనక నుంచి కారే ఆయిల్ చుక్కలు మాత్రం పూర్తిగా ఆగుతాయని ఆశ పెట్టుకోకండి, అక్కడ ఈ కాలం ఇంజన్లకుండే లాంటి సీలు ఉండదు, నూనె వెనక్కి తిప్పే మరలాంటి గాడి ఉంటుందంతే. కింద అట్టముక్క వేసుకోండి.

కాబట్టి నా లెక్క ఇది. రోజూ నూట ఇరవై కిలోమీటర్లు తిరగాలంటే అసలు అంబాసిడరే వద్దు, ఏదో సెకండ్ హ్యాండ్ బండి కొనుక్కోండి. చిన్న ఇంజన్ వేయాల్సిందే అని పట్టుదల ఉంటే ఈకో కంటే జిప్సీ మేలు, ముందు ఆర్టీవో ఆఫీసులో రాతపూర్వకంగా అడిగాకే ఇంజన్ దించండి, ఆ 80 హార్స్‌పవర్‌కి నాలుగు వైపులా ఉన్న పాత డ్రమ్ బ్రేకులు చాలవు కాబట్టి బ్రేకుల ఖర్చు కూడా ముందే కలుపుకోండి. ఇంటి బండిగా, నాన్న గుర్తుగా ఉంచుకోవాలంటే 1489నే చేయించండి. నేను పెద్దాయనకే ఇచ్చా, ఇంజన్ దించేశారు, బోరు కొలిస్తే ఇంకో సైజు పెద్దది కొట్టడానికి ఇనుములో కండ ఉందన్నాడు, పిస్టన్ల కోసం చూస్తున్నాం. పిన్ని అప్పుడే అడిగింది, ముందు సీటు మధ్యలో చోటు తనదే కదా అని.