ఆహార జ్ఞాపకాల పుస్తకాలు: కొనుక్కోవడం మేలా, గ్రంథాలయం నుంచి తెచ్చుకోవడం మేలా?

తిండితో ముడిపడిన ఆత్మకథల గురించి, జ్ఞాపకాల పుస్తకాల గురించి ఎప్పుడు రాసినా పాఠకులు అడిగే ప్రశ్న ఒక్కటే: ఇవి కొని ఇంట్లో ఉంచుకోదగినవా, లేక గ్రంథాలయంలో సభ్యత్వం ఉంటే సరిపోతుందా? విజయవాడ, గుంటూరు పాఠకులు దీనికి మరొకటి చేరుస్తారు. విజయవాడ ఏలూరు రోడ్డు పుస్తకాల దుకాణాల్లో దొరకనిది మన గ్రంథాలయాల్లో మాత్రం దొరుకుతుందా అని వారి సందేహం. ఇంతకాలం ఎవరికి వారికి విడిగా సమాధానం ఇస్తూ వచ్చాను కానీ, రెండు మార్గాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే అందరికీ ఉపయోగమనిపించింది. వంటల పుస్తకాలను ఈ లెక్కలో కలపడం లేదు. వారానికి నాలుగుసార్లు తెరిచి చూసుకోవలసిన పుస్తకం ఇంట్లో ఉండవలసిందే. ఒక మనిషి తాను తిన్నదాన్నీ, వండినదాన్నీ, తనకు వండిపెట్టినవాళ్లనూ తలుచుకుంటూ రాసిన పుస్తకాల గురించే ఇక్కడి చర్చ.

డబ్బు సంగతి ముందే తేల్చేస్తాను, ఎందుకంటే చాలామంది అనుకున్నంతగా అది తీర్పు చెప్పదు. తెలుగు పుస్తకమైతే ధర మధ్యతరగతి కుటుంబానికి మరీ భారం కాదు, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం దాకా ఆగగలిగితే కొంత తగ్గింపు కూడా ఉంటుంది. ఇంగ్లీషులో వచ్చే విదేశీ ప్రచురణలు మాత్రం బరువే. గ్రంథాలయంలో కొద్దిపాటి డిపాజిట్ కట్టి, చిరునామా రుజువు చూపితే పుస్తకాలు ఇంటికి ఇస్తారు, సభ్యత్వం వదులుకున్నప్పుడు ఆ డిపాజిట్ వెనక్కి వస్తుంది. పైగా 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను మనం ఎలాగూ కడుతున్నాం కనుక, సభ్యత్వం లేనివాళ్లు కూడా ఆ ఖర్చులో భాగస్వాములే. ఖర్చు చూస్తే గ్రంథాలయానిదే పైచేయి, కానీ చదివే అలవాటున్న మనిషిని నాలుగు వందల రూపాయలు ఆపలేవు.

దొరకడం విషయానికి వస్తే దుకాణానికే మొగ్గు. కొత్తగా వచ్చిన పుస్తకాన్ని దుకాణదారు బల్ల మీద కళ్లకు కనిపించేలా ఉంచుతాడు, అడిగితే అలాంటిదే మరొకటి తీసి చూపిస్తాడు. గ్రంథాలయంలో మనమే వెతుక్కోవాలి, అదీ ఏ బీరువాలో వెతకాలో తెలిసి వెతకాలి. ఆహార జ్ఞాపకాలకు ప్రత్యేకమైన అర అంటూ ఎక్కడా ఉండదు. పుస్తకాలను విషయాన్ని బట్టి అంకెలతో వర్గీకరించే డ్యూయీ పద్ధతి పాటించే గ్రంథాలయాల్లో తిండికి, వంటకు 641, జీవిత చరిత్రలకు 920, తెలుగు సాహిత్యానికి 894.827 అంకెలు ఉంటాయి. ఒకే తరహా పుస్తకం, వర్గీకరించినవారి అభిప్రాయాన్ని బట్టి, ఈ మూడింటిలో ఏ చోటికైనా చేరవచ్చు. రచయిత ఊళ్లు తిరుగుతూ తిన్నది రాస్తే 910ల్లోని యాత్రా గ్రంథాల మధ్య కూడా కనిపించవచ్చు. కాబట్టి 641 దగ్గర వంటల పుస్తకాలు తప్ప ఏమీ లేవని తిరిగి వచ్చేసేవారికి నేను చెప్పేది ఒక్కటే: 920 దగ్గరికి వెళ్లండి.

అక్కడ దొరికేవి అట్ట మీద తిండి అన్న మాటే లేని పుస్తకాలు. ఉపాధ్యాయులు, స్వాతంత్ర్యోద్యమంలో జైలుకు వెళ్లినవారు, నాటకాల వాళ్లు, వైద్యులు రాసుకున్న ఆత్మకథలు. వారాలు చేసుకుని చదువుకున్న తరం, ఏ వారం ఏ ఇంట్లో ఏమి పెట్టారో, ఏ ఇల్లాలు మారు వడ్డించిందో, ఎవరి ఇంట్లో మజ్జిగ నీళ్లుగా ఉండేదో అరవై ఏళ్ల తరువాత కూడా మరిచిపోలేదు. పూటకూళ్ల ఇళ్ల పులుసులు, జైలు గంజి, పెళ్లిళ్లలో బంతి భోజనాలు, రైలు ప్రయాణానికి కట్టుకున్న పులిహోర పొట్లాలు ఈ పుస్తకాల నిండా ఉంటాయి. (పల్నాటికి వచ్చి సన్నన్నం దొరకక జొన్నలను తిట్టిపోసిన శ్రీనాథుడి చాటువులను కూడా ఈ కోవలో చేర్చవచ్చునని నా అభిప్రాయం, పండితులు ఒప్పుకోకపోయినా సరే.) ఇలాంటి ఆత్మకథలు చాలావరకు పునర్ముద్రణకు నోచుకోలేదు. వాటి విషయంలో కొనడమా, తెచ్చుకోవడమా అన్న ప్రశ్నే లేదు, ఉన్న దారి గ్రంథాలయమే. గుంటూరు బృందావన్ గార్డెన్స్‌లోని అన్నమయ్య గ్రంథాలయంలో పాత పుస్తకాల, పాత పత్రికల సంపద ఉంది. అక్కడే కూర్చుని చదువుకోవడానికి ఒక పూట కేటాయించుకుని వెళ్లడం మంచిది.

విజయవాడలో పరిస్థితి కొంత విచిత్రం. 1914 ఏప్రిల్‌లో ఆంధ్రదేశపు గ్రంథాలయ ప్రతినిధులు తొలిసారి సభ జరుపుకున్నది ఈ ఊళ్లోనే, రామమోహన గ్రంథాలయంలో. ఆంధ్ర గ్రంథాలయోద్యమానికి వెన్నెముకగా నిలిచిన అయ్యంకి వెంకటరమణయ్యగారు పనిచేసినదీ ఇక్కడే. అలాంటి ఊళ్లో ఈనాడు గ్రంథాలయం అంటే పోటీ పరీక్షలకు చదువుకునే చోటు అన్న అర్థం స్థిరపడిపోయింది. పఠన మందిరంలో కుర్చీ దొరకదు, ఇంటికి పుస్తకాలిచ్చే విభాగంలో మాత్రం రద్దీ ఉండదు. ఇది విచారించవలసిన విషయమే అయినా మనబోటి పాఠకులకు ఒక విధంగా కలిసివచ్చింది: అడిగిన పుస్తకాన్ని మరెవరో తీసుకువెళ్లారన్న మాట ఈ తరహా పుస్తకాల విషయంలో అరుదుగా వింటాము.

ఇక నా దృష్టిలో అసలు తీర్పు చెప్పే అంశానికి వస్తాను. అది ధర కాదు, దొరకడం కూడా కాదు. పుస్తకం ముగిసిన తరువాత మన వంటింట్లో ఏమి మిగిలింది అన్నది. ఆహార జ్ఞాపకాలు చదివిన మనిషికి ఎప్పుడో ఒకచోట అందులో ఉన్నది వండి చూడాలనిపిస్తుంది. సొంత పుస్తకమైతే ఆ పేజీ దగ్గర ఒక కాగితం ముక్క పెట్టి, తీరిక దొరికినప్పుడు చూద్దామనుకుంటాము. కాగితం ముక్కలు పెరుగుతాయి, వంట జరగదు. గ్రంథాలయం పుస్తకానికి ఆ వెసులుబాటు లేదు. దాన్ని పొయ్యి దగ్గరికి తీసుకుపోకూడదు, నూనె మరక పడకూడదు, గడువు లోపల తిరిగి ఇచ్చెయ్యాలి. కాబట్టి కావలసిన భాగాన్ని మన చేత్తో నోటుబుక్కులోకి ఎత్తి రాసుకోవలసిందే. ఈ నిర్బంధమే గ్రంథాలయం పుస్తకం చేసే మేలు అని నేను గట్టిగా నమ్ముతాను.

ఎత్తి రాసేటప్పుడు జరిగేది కేవలం నకలు కాదు. పాత ఆత్మకథలో వీశెడు మామిడికాయ ముక్కలు, సోలెడు ఆవపిండి అని ఉంటే, వీశె అంటే సుమారు 1.4 కిలోలని, నాలుగు గిద్దెలు ఒక సోల అని, నాలుగు సోలలు ఒక మానిక అని పక్కన రాసుకోవాలి, ఆ తరువాత మన ఇంట్లో తినే నలుగురికి తగ్గట్టు కుదించుకోవాలి. అమెరికా రచయిత్రి స్టిక్ వెన్న అంటే అది 113 గ్రాములు. 350 డిగ్రీలు అంటే ఫారన్‌హీట్ కనుక మన లెక్కలో 175కు కాస్త పైన. చెంచాడు ఎర్ర కారం అని ఉన్నచోట కలం తప్పనిసరిగా ఆగాలి. రంగు కోసం కశ్మీరీ కారం వాడే ఇంటి చెంచా వేరు, గుంటూరు యార్డు నుంచి వచ్చిన తేజ రకం మిరపకాయలు కొట్టించుకున్న మన ఇంటి చెంచా వేరు. చదువుతూ పోయేటప్పుడు ఈ తేడాలు కంటికి ఆనవు, రాస్తున్నప్పుడు మాత్రం ఒక్కొక్కటీ అడ్డం పడుతుంది.

అంతకన్నా ముఖ్యం, రచయిత చెప్పకుండా వదిలేసినవి బయటపడతాయి. జ్ఞాపకాలు రాసేవారు రుచిని వర్ణిస్తారు, ఎవరి చేతి వంటో చెబుతారు, పద్ధతిలో మాత్రం సగమే చెబుతారు. నా నోటుబుక్కులో ఎడమ పేజీ రచయిత చెప్పినదానికి, కుడి పేజీ మా పొయ్యి మీద జరిగినదానికి. అందులో ఒకచోట గోంగూర నిల్వ పచ్చడి గురించిన అర పేజీ వర్ణన ఉంది: ఎర్ర కాడల గోంగూర, నూనెలో మగ్గించడం, ఎండుమిరపకాయలు, మెంతులు, వెల్లుల్లి తాలింపు, కొత్త జాడీ, పిల్లలు అన్నం కలుపుకుని లొట్టలు వేయడం. మా పెద్దమ్మ అది చదివి అడిగిన మొదటి ప్రశ్న, "ఆకు కడిగాక తడి ఆరిందాకా బట్ట మీద పరిచారో లేదో రాయలేదేమే?" అని. నిజమే, నిల్వ పచ్చడికి ప్రాణం అక్కడే ఉంది, ఆకులో తడి మిగిలితే వారం తిరక్కుండా బూజు పడుతుంది. రచయిత్రికి అది చెప్పనక్కరలేనంత తెలిసిన విషయం. కుడి పేజీలో ఇప్పుడు నీడన పాత చీర పరిచి ఒక రాత్రంతా ఆకు ఆరబెట్టాలని ఉంది; కాడలు తీసేశాక ఆకు ఎంత తూగిందో, దానికి ఎన్ని మిరపకాయలు పట్టాయో ఉంది. ఆ పుస్తకం గ్రంథాలయానికి వెళ్లిపోయింది, పచ్చడి మా ఇంటి పద్ధతుల్లో చేరింది.

ఫోన్‌తో ఫొటో తీసుకుంటే పోలేదా అని కొందరు అడుగుతారు. తీసుకోవచ్చు, కానీ ఫొటోలో పేజీ చెప్పినంతే ఉంటుంది, చెప్పనిది ఏమిటో అది మనల్ని అడగదు.

ఇంతమాత్రాన కొనడం దండగ అనడం లేదు. మూడు సందర్భాల్లో నేనే కొనమంటాను. మొదటిది, జ్ఞాపకాలతో పాటు వంటల పద్ధతులు కూడా కొలతలతో చేర్చిన పుస్తకాలు. నటి, వంటల రచయిత్రి మధుర్ జాఫ్రీ తన ఢిల్లీ బాల్యం గురించి రాసిన పుస్తకం చివర కుటుంబ వంటకాలు ఇచ్చారు. అలాంటి చోట ఎత్తి రాసుకోవడం వృథా శ్రమ, పుస్తకమే దగ్గర ఉండాలి. రెండవది, చిన్న ప్రచురణకర్తలు ఐదు వందలో వెయ్యో ప్రతులు వేసే తెలుగు పుస్తకాలు. ఈ ఏడాది వదిలేస్తే వచ్చే ఏడాది దొరుకుతుందన్న నమ్మకం లేదు, గ్రంథాలయం కొనేదాకా ఆగితే ప్రచురణకర్త దగ్గరే అయిపోవచ్చు. మూడవది, మనం పుట్టిన ఊరి గురించో, మన ఇంటి పేరున్న కుటుంబం గురించో రాసినవి, వాటిని పిల్లలకు ఇవ్వాలనుకుంటాము కాబట్టి. వీటికి ఒక కొండగుర్తు కూడా చెప్పగలను: గ్రంథాలయం నుంచి తెచ్చిన పుస్తకంలో ఎత్తి రాయవలసింది పది పేజీలు దాటుతోందంటే కలం పక్కన పెట్టి ఏలూరు రోడ్డుకు బయలుదేరవచ్చు.

మిగిలిన మార్గాల గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దుకాణాల్లో ఇంగ్లీషు ఆహార జ్ఞాపకాలు అప్పుడప్పుడు చవకగా కనిపిస్తాయి, కానీ వెతికి వెళ్లినది దొరకదు, దొరికినది కొనుక్కోవాలి. ఈ-పుస్తకాలు ఇంగ్లీషుకు బాగానే ఉంటాయి, రాత్రిపూట చదివేవారికి సౌకర్యం. పాత తెలుగు ఆత్మకథలకు ఆ దారిలో ఆశ తక్కువ. ఆడియో పుస్తకం వంట చేస్తూ వినడానికి హాయిగా ఉంటుంది, కొలతలు మాత్రం చెవిలో నిలవవు.

గ్రంథాలయంలో పుస్తకం లేకపోతే నిరాశపడి వచ్చెయ్యకుండా, పాఠకుల సూచనల పుస్తకం ఉందేమో అడిగి అందులో రాయాలి. వంటల మీద మంచి పుస్తకాలు తెప్పించండి అని రాస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. పుస్తకం పేరు, రచయిత, ప్రచురణకర్త, ధర, వెనక అట్ట మీద ఉండే ఐఎస్‌బీఎన్ సంఖ్య వివరంగా రాసి ఇస్తే, కొనుగోలు జాబితా తయారుచేసేవారికి ఆ వరుసను ఉన్నదున్నట్టు ఎక్కించుకోవడం తేలికవుతుంది. ఇంటి దగ్గరి శాఖా గ్రంథాలయంలో ఒకసారి, జిల్లా కేంద్ర గ్రంథాలయంలో ఒకసారి రాయడం మంచిది. ఒకే పుస్తకాన్ని ఇద్దరు ముగ్గురు పాఠకులు అడిగితే ఇంకా బలం, కాబట్టి అడగబోయే పుస్తకం పేరు మీ స్నేహితులకు కూడా చెప్పి ఉంచండి.