జంతు కణజాలాల స్లైడ్ల డబ్బా: పేగు స్లైడ్ సూపర్, గుండె స్లైడ్ తేడా

మా పాప తొమ్మిదో క్లాసు, జంతు కణజాలాల (ఒకే పని కలిసి చేసే కణాల గుంపులు) పాఠం నడుస్తోందని ఆన్‌లైన్‌లో ఈ రెడీమేడ్ స్లైడ్ల డబ్బా తెప్పించా. ప్యాకింగ్ గట్టిగానే ఉంది, ఒక్క గాజు కూడా పగల్లేదు. మైక్రోస్కోప్ దీంతో రాదు, అది మీ దగ్గర ఉండాలి, మాది మామూలు స్టూడెంట్ మోడల్, 40, 100, 400 రెట్లు పెద్దగా చూపిస్తది, చాలు.

చిన్నపేగు స్లైడ్ గురించి ముందు చెప్తా, పెట్టిన డబ్బులు దానికే వసూలైపోయాయి. పేగుని అడ్డంగా కోసిన పల్చటి ముక్క అది. 40లో పెట్టగానే లోపలి గోడ నుంచి ఆంత్రచూషకాలు వేళ్లలా పొడుచుకొచ్చి కనిపిస్తాయి, అసలు సైజు ఒక్కోటి మిల్లీమీటర్ కూడా ఉండదు. 400కి మార్చి అంచు మీద ఫోకస్ చేస్తే పొడుగు కణాలు వరసగా, రంగు ఎక్కించి ఉంటారు కదా కేంద్రకాలు ఊదాగా మిగతాది గులాబీగా, మధ్యమధ్యలో తెల్లగా ఉబ్బినవి జిగురు వదిలే గాబ్లెట్ కణాలు. ఆ వరసే ఉపకళా కణజాలం. దాని కింద వదులుగా ఉన్నది సంయోజక కణజాలం, రక్తనాళాలు అందులోంచే పోతాయి. ఇంకా బయటికొస్తే కండరం రెండు పొరలు, లోపలిది పేగు చుట్టూ, బయటిది పొడుగునా, ఈ రెండూ కలిసే తిండిని ముందుకి నెడతాయి. ఆ పొరల మధ్య నాడీకణాల గుంపులు ఉంటాయి గానీ ఈ స్లైడ్‌లో సరిగ్గా తెలియట్లేదు. పుస్తకంలో వేరే వేరే పేజీల్లో చదివినవన్నీ ఒకే ముక్కలో చూశాక, ఇన్ని కణజాలాలు కలిస్తేనే ఒక అవయవం అని అర్థమై, అవయవం అంటే ఏంటని పాప మళ్లీ అడగలేదు.

డబ్బాలో వరస మాత్రం వాళ్ల ఇష్టం వచ్చినట్టు పెట్టారు. నేను అన్నం ముద్ద పోయే దారిలో సర్దుకున్నా: పేగు, కాలేయం, రక్తం, ఊపిరితిత్తి, చివర్లో కండరం. పేగు పీల్చుకున్న గ్లూకోజు రక్తంలో కలిసి ముందు కాలేయానికే పోతది, కొవ్వుది మాత్రం వేరే రూటు, ఎక్కువ భాగం లింఫ్ నాళంలోకి (రక్తనాళం కాదు, లింఫ్ అనే ద్రవం పోయే వేరే గొట్టం) దూరుతది. ఊపిరితిత్తి స్లైడ్‌లో వాయుగోణుల (గాలి నిండే బుల్లి తిత్తులు) గోడలు ఎంత పల్చగా ఉన్నాయో చూస్తే ఆక్సిజన్ రక్తంలోకి ఎట్లా పోతదో వేరే చెప్పక్కర్లేదు. కప్ప రక్తం, మనిషి రక్తం రెండూ ఇవ్వడం బాగుంది, కప్ప ఎర్రకణంలో కేంద్రకం ఉంటది మనదాంట్లో ఉండదు, ఆ చోటు కూడా ఆక్సిజన్‌ని మోసే హిమోగ్లోబిన్‌కే.

తేడా కొట్టింది గుండె కండరం దగ్గర. లేబుల్ గుండెదే, లోపల చూస్తే కొమ్మల్లేని పొడుగు పోగులు, కేంద్రకాలన్నీ అంచులకి, అది కాలి కండరమో చేతి కండరమో గానీ గుండెది కాదు. గుండెలో కణాలు కొమ్మలుగా చీలి ఒకదానికొకటి అతుక్కుని ఉండాలి, కేంద్రకం మధ్యలో ఉండాలి, ఆ అతుకుల్లోంచే కదా సిగ్నల్ ఒక కణం నుంచి పక్కదానికి పాకి అన్నీ కలిసి ముడుచుకునేది. సెల్లర్‌కి ఫొటో పెడితే ఒక్క స్లైడ్ మార్చరంట, డబ్బా మొత్తం రిటర్న్ పెట్టాలంట. పేగు స్లైడ్ ఇంత బాగా వచ్చింది, మళ్లీ ఎలాంటిది వస్తదో అని పెట్టలేదు.

ఐదుకి మూడున్నర ఇస్తా. తొమ్మిది, పది, ఇంటర్ బైపీసీ పిల్లలుంటే కొనొచ్చు, చిన్న క్లాసులకి దండగ. గుండె స్లైడ్ మాత్రం వచ్చిన రోజే పెట్టి చూసుకోండి, రిటర్న్ టైం చాలా తక్కువ ఇచ్చారు.